ఆవు పాలు తాగిన జింక

అమీర్‌పేటలో పొద్దున ఎనిమిదిన్నరకి నడవాలంటే కాళ్ల కన్నా మోచేతులు గట్టిగా ఉండాలి. ఆ వేళప్పుడు అక్కడ నేల కనపడదు. వీపులకు బ్యాగులు, చేతుల్లో స్పైరల్ నోట్సులు, తలల మీద ఫ్లెక్సీ బ్యానర్లు, అంతే. రాష్ట్రంలోని కుర్రకారంతా ఒకే రోడ్డు మీదకి వచ్చి ఒకే ఉద్యోగం కోసం ఒకే పాఠం వల్లె వేస్తున్నారేమో అనిపిస్తుంది. 2006లో దసరా వెళ్లిన రెండో రోజు, బుధవారం నాడు, ఆ జనానికి ఎదురీదుకుంటూ పరుగులాంటి నడకతో పోతున్న పిల్ల పేరు హరిణి.

"మేడం, జావా, డాట్‌నెట్, టెస్టింగ్ టూల్స్! డెమో క్లాస్ ఫ్రీ!" అంటూ ఎవరో చేతిలో కరపత్రం పెట్టారు. హరిణి రోజూ లాగే తీసుకుని బ్యాగులో వేసుకుంది. ఆ కరపత్రాలకి వెనక వైపు తెల్లగా ఉంటుంది. దాని మీద ఆమె రాసుకునేది జావా గురించి కాదు, ఒక జింక గురించి.

అవును, జింక గురించే. ఊరు ఊరంతా కంప్యూటర్లకి ప్రోగ్రాములు రాస్తుంటే ఈ రేపల్లె పిల్ల మాత్రం పంజాగుట్టలో చీరల షాపు పైన, నాలుగో అంతస్తు ల్యాబులో కూర్చుని, ఒక జింక డీఎన్ఏని అక్షరం అక్షరం చదువుతోంది. హాస్టల్లో రూమ్మేట్ మంజూష రోజూ రాత్రి అన్నాల దగ్గర "ఏంటే, నీ జింక ఎంతవరకొచ్చింది?" అని ఆటపట్టించేది. "తోక దగ్గరున్నాం" అనేది హరిణి. ఆ బుధవారం నిజంగానే తోక దగ్గరున్నారు. ఇరవై నాలుగు ముక్కల్లో ఇరవై మూడు చదవడం అయిపోయింది. చివరి ముక్క ఫలితం ల్యాబు కంప్యూటర్లో ఆమె కోసం ఎదురు చూస్తోంది. అందుకే ఆ పరుగు. టిఫిన్ కూడా తినలేదు పిచ్చిపిల్ల.

ఇక ఆ జింక సంగతి చెప్పాలి. సంగై అనే జింకలున్నాయి. మణిపూర్‌లో ఒక సరస్సు మీద తేలే గడ్డి దిబ్బల మీద తిరుగుతాయి. లోకం మొత్తం మీద కొద్ది వందలు మిగిలాయి. హైదరాబాదుకి రెండు గంటల దూరంలో మేడిగుట్ట జింకల పార్కులో అలాంటిదే ఒక ఆడ జింక ఉంది. పదేళ్ల కిందట ఎవరో ఫామ్‌హౌసులో దొంగతనంగా పెంచుతున్న జంతువుల్ని అధికారులు పట్టుకున్నప్పుడు, ఒక అట్టపెట్టెలో దొరికిన కూన అది. తల్లి లేదు, కాగితం లేదు. అక్కడి కాపరి నర్సింహులు దాన్ని పెంచి, బంగారి అని పేరు పెట్టుకున్నాడు.

చిక్కల్లా ఏమిటంటే, సంగైకి బర్మాలో ఒక దాయాది జింక ఉంది. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. మణిపూర్ వంశం మగ సంగై ఒకటి ఏదో ఒక పార్కుకి ఇవ్వడానికి సిద్ధంగా ఉంది, దాని కోసం రెండు పార్కులు అడుగుతున్నాయి. బంగారి నిజమైన సంగై అని తేలితే అది మేడిగుట్టకి వస్తుంది. తేలకపోతే రాదు. బంగారికి పదేళ్లు నిండాయి. వచ్చే జత కట్టే కాలంలో పిల్ల పుట్టకపోతే ఇక పుట్టదు, ఆ వంశం ఆ పార్కులో దానితోనే ఆఖరు. శుక్రవారం పదకొండు గంటలకి మాసబ్ ట్యాంక్‌లో ఆ మగ సంగై ఎవరికో తేల్చే కమిటీ మీటింగు. తండ్రి వైపు పరీక్షల్లో అనుమానమేమీ రాలేదు. మిగిలింది తల్లి వైపు. దానికి సాక్ష్యం హరిణి ఇవ్వాలి.

తల్లి జాడ ఎలా తెలుస్తుందంటే, ప్రతి కణంలోనూ మైటోకాండ్రియా అని చిన్న చిన్న పొయ్యిలుంటాయి. ఒంటికి కావలసిన శక్తి వాటిలోనే పుడుతుంది. వాటికి సొంతంగా కాస్త డీఎన్ఏ ఉంటుంది, పదహారు వేల మూడు వందల పైచిలుకు అక్షరాలు, గాజులాగా గుండ్రంగా. అది తండ్రి నుంచి రాదు. తల్లి నుంచి వస్తుంది, ఆ తల్లికి వాళ్లమ్మ నుంచి, ఆవిడకి ఆవిడ అమ్మ నుంచి. కాగితాలు లేని కూనకి పుట్టిల్లు చూపించగలిగేది అదొక్కటే.

హరిణి తన బల్ల ఎదుట గోడకి తెల్ల చార్టు అంటించి, క్యాంటీన్ స్టీలు పళ్లెం బోర్లించి దాని చుట్టూ పెన్సిలుతో ఒక వలయం గీసింది. ఒక్కో ముక్క చదవడం పూర్తయినప్పుడల్లా ఆ మేరకు వలయానికి స్కెచ్ పెన్నుతో రంగు వేసేది. ఇరవై మూడు రంగులు పడ్డాయి. గడియారంలో పదకొండున్నరకీ పన్నెండుకీ మధ్య ఉండేంత చోటు తెల్లగా మిగిలింది. సంగైకీ బర్మా జింకకీ తేడా అంతా ఎక్కువగా కనపడేది సరిగ్గా ఆ చోటే. వలయం మధ్యలో కూడా ఆమె ఏమీ రాయలేదు. అంతా పూర్తయ్యాకే అక్కడ బంగారి పేరు రాయాలని మొక్కు లాంటిది పెట్టుకుంది.

నాలుగంతస్తులూ లిఫ్టు కోసం ఆగకుండా ఎక్కి వచ్చిన హరిణిని చూసి రాఘవేందర్ నవ్వాడు. ఆ ల్యాబులో మెషీన్లన్నీ చూసుకునేది అతనే. అతని వెనక డీఎన్ఏ చదివే మెషీను, సీక్వెన్సర్ నుదుటి మీద ఆయుధ పూజ నాటి కుంకుమ బొట్టు ఇంకా చెరగలేదు.

"జర నిమ్మళంగ రాండ్రి మేడం. మెషీన్ యాడికీ పోదు. రాత్రే అయిపోయింది రన్ను. నేను తెర్వలే. మీరే తెర్వాలని ఆగిన."

"థాంక్స్ అన్నా!" అంటూ హరిణి కుర్చీలో కూలబడి ఫైలు తెరిచింది.

తెర మీద నాలుగు రంగుల్లో గీతలు శిఖరాల్లాగా లేచాయి. ఒక్కో శిఖరం ఒక్కో అక్షరం. చోటుకి ఒక శిఖరమే ఉండాలి. ఇక్కడ ప్రతి చోటా రెండేసి ఉన్నాయి, ఒకే మైకులో ఇద్దరు ఒకేసారి మాట్లాడుతున్నట్టు. హరిణి జరిపింది, ఇంకా జరిపింది. చివరిదాకా అంతే. పెద్ద శిఖరాల్ని మాత్రం ఏరి, ఇంటర్నెట్లో లోకంలోని జంతువులన్నిటి డీఎన్ఏ పెట్టిన ఖజానాకి పంపింది. అరనిమిషంలో జవాబు వచ్చింది.

"ఏమొచ్చింది మేడం? సంగైయేనా? బర్మాదా?"

"ఆవు" అంది హరిణి.

"ఆ?"

"ఆవు అన్నా. అందులోనూ నాటు ఆవు."

రాఘవేందర్ తెర వైపూ, ఆమె వైపూ, మళ్లీ తెర వైపూ చూశాడు. నవ్వాలో ఏడవాలో అతనికి తెలియలేదు. ఆ మాటకొస్తే ఎవరికి తెలుస్తుంది.

ల్యాబు పెద్ద కమలకుమారి గారు వచ్చి, కళ్లద్దాలు ముక్కు మీదకి లాక్కుని రెండు నిమిషాలు చూశారు. ఆవిడ అరిచే మనిషి కాదు. ప్రశ్న అడిగి ఆగుతారు. ఆ ఆగడం కన్నా అరవడమే నయమని ల్యాబులో అందరికీ తెలుసు.

"ఖాళీ ట్యూబు పెట్టావా, హరిణీ?"

ఖాళీ ట్యూబు అంటే ఆ ల్యాబులో శాసనం. డీఎన్ఏని లక్షల కాపీలుగా పెంచే మెషీన్లో పెట్టేటప్పుడు జంతువు డీఎన్ఏ ఉన్న ట్యూబు పక్కనే ఇంకో ట్యూబు పెట్టాలి. అందులో నీళ్లు, మందులు అన్నీ ఉంటాయి, జంతువు మాత్రం ఉండదు. చివర్లో అది చీకటిగానే ఉండాలి. వెలిగిందంటే బయటి నుంచి ఇంకేదో దూరిందని లెక్క.

"పెట్టలేదు మేడం."

"ఇరవై మూడుసార్లు పెట్టి, ఇరవై నాలుగోసారి మానేశావా?"

"ఆఖరి ముక్క కదా మేడం. పండక్కి ముందే పెట్టేయాలని... ఆత్రంలో..." సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

కమలకుమారి గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "బంగారి డీఎన్ఏ ఎంత మిగిలింది?"

"రెండు మైక్రోలీటర్లు." చీమ కన్నీళ్లంత అన్నమాట. "ఒక్కసారికి వస్తుంది, అంతే."

మళ్లీ రక్తం తీయమనడానికి లేదు. మొదటిసారి పట్టుకున్నప్పుడే బంగారి భయంతో సొమ్మసిల్లింది, ఇంకోసారి పట్టుకుంటే గుండె ఆగిపోతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. రాలిన వెంట్రుకలు తెచ్చుకోవచ్చు గానీ, వాటిలో దొరికేది ముక్కలు ముక్కలైన డీఎన్ఏ. ఇంత పొడుగు ముక్క అందులోంచి రాదు.

"ఆవు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా ఆ రెండు మైక్రోలీటర్లూ ముట్టుకోవద్దు" అన్నారు కమలకుమారి గారు. "ఈమధ్యే బంగారి డీఎన్ఏ ట్యూబులో పడిందా, లేక మన సీసాల్లో దేంట్లోనైనా ఉందా? డీఎన్ఏలోనే ఉంటే మనం చేయగలిగింది లేదు. శుక్రవారం వెళ్లి తేల్చలేకపోయామని చెప్పడమే."

తేల్చలేకపోయాం. ఆ ఒక్క మాటతో మగ సంగై ఇంకో పార్కుకి వెళ్లిపోతుంది. హరిణి చార్టు మీద ఆ తెల్లటి చోటు వైపు చూసింది, చూడలేక తల తిప్పుకుంది.

సరిగ్గా అప్పుడే గుమ్మం దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు.

నర్సింహులు. యాభై దాటిన మనిషి, ఖాకీ చొక్కా, చేతిలో వైరు బుట్ట. కాపరి కూడా మీటింగుకి రావాలని కమిటీ చెప్పింది. మీటింగు శుక్రవారమైతే అతను మంగళవారం సాయంత్రమే వచ్చి ఎర్రగడ్డలో చెల్లెలింట్లో దిగాడు. పొద్దున్నే బస్సెక్కి ఇక్కడికి వచ్చాడు. ఎంతసేపటి నుంచి అక్కడ నిలబడ్డాడో ఎవరూ చూడలేదు. అతని మొహం మాత్రం పాలిపోయి ఉంది.

"మేడం, ఆవు అంటున్నరు. మా బంగారి లోపట ఆవు ఉన్నదా?"

"అయ్యో, కాదు నర్సింహులు గారూ, అది..."

"నేను చెప్తున్న మేడం. తప్పు నాదే." అతను బుట్ట కింద పెట్టి చేతులు జోడించాడు. "గది దొరికిన్నాడు గింతే ఉండె. పిల్లి పిల్లంత. కండ్లు సుత సక్కగ తెర్వలే. డాక్టర్ సాబు డబ్బా పాలు రాసిండు, గవి వచ్చేటాళ్లకు నాలుగొద్దులాయె. గప్పటిదాంక ఆగితే సచ్చిపోతదని మా ఇంట్ల ఆవు పాలు పిండి, దూదితోని నోట్లె వోసిన. తర్వాత డబ్బా పాలు వచ్చినయి గానీ అది ముట్టలే. ఇగ ఆవు పాలే. మూడు నెలలు. ఎవ్వలికీ చెప్పలే మేడం. గా పాలే రక్తంల కలిసినట్టున్నయి. నా చేతులతోనే దాని జాతి చెడగొట్టిన."

పదేళ్లు దాచుకున్న రహస్యం నలుగురి ముందూ పెట్టేసి ఆ మనిషి నేల చూపులు చూస్తున్నాడు. హరిణికి తన గోడు ఒక్క క్షణం మరుపున పడింది. లేచి వెళ్లి అతన్ని కుర్చీలో కూర్చోబెట్టింది.

"నర్సింహులు గారూ, నేను చిన్నప్పటి నుంచి గేదె పాలు తాగాను. నన్ను చూడండి, గేదెలా ఉన్నానా? పాలు కడుపులోకి వెళ్తాయి, అరిగిపోతాయి, అంతే. పదేళ్ల కిందట తాగిన పాలు రక్తంలో ఎందుకుంటాయి? పాలల్లో ఆవు డీఎన్ఏ ఉంటుంది నిజమే, కానీ అది..."

అక్కడ ఆగిపోయింది. నోరు తెరుచుకునే ఉంది.

"ఏంటి?" అన్నారు కమలకుమారి గారు.

"పాలు" అంది హరిణి. "మేడం, పాలు! శనివారం! ఆయుధ పూజ!"

అందరూ ఒకేసారి సీక్వెన్సర్ నుదుటి మీద కుంకుమ బొట్టు వైపు చూశారు.

పండక్కి సెలవులని ల్యాబులో ఆయుధ పూజ శనివారమే చేశారు. ప్రతి ఏడూ వచ్చే పంతులు గారే వచ్చి, మెషీన్లకి పసుపు పూసి, బొట్లు పెట్టి, శుద్ధి కోసం పంచగవ్యం కలిపారు. ఆవు పాలు, ఆవు పెరుగు, ఆవు నెయ్యి, గోమూత్రం, గోమయం. మామిడాకు ముంచి అన్నిటి మీదా చల్లుతూ వచ్చారు. హరిణి అప్పుడు చివరి ముక్క కోసం నీళ్లు పోసుకుంటోంది. మామూలు నీళ్లు కావు, ఏ జీవి వాసనా లేకుండా శుద్ధి చేసిన నీళ్ల సీసా. ఓ చేతిలో సీసా, ఓ చేతిలో మూత. ఆ పళంగానే పరుగెత్తుకెళ్లి "పంతులు గారూ, దీని మీద కూడా చల్లండి, ఇది బంగారిది!" అంది. ఆయన ఆప్యాయంగా రెండుసార్లు చల్లారు. ఒక చుక్క ఆమె ముక్కు మీద పడితే అందరూ నవ్వారు కూడా. ఇంకో చుక్క ఎక్కడ పడిందో ఎవరు చూడొచ్చారు.

"శుద్ధి చేయించాను మేడం" అంది హరిణి, ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చేస్తుంటే. "శుద్ధమైన నీళ్లని శుద్ధి చేయించాను!"

కమలకుమారి గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆవిడ భుజాలు కదులుతున్నాయి. నవ్వుని ఆపుకుంటున్నారని అర్థం కావడానికి కాసేపు పట్టింది. "ఇరవై రెండేళ్ల సర్వీసులో ఇది చూడలేదమ్మా. సరే, ఊహ బాగుంది. ఊహలు కమిటీకి పనికిరావు. రుజువు చెయ్యి."

రుజువు తేలికే. జంతువే అక్కర్లేదు. రెండు ఖాళీ ట్యూబులు. ఒకదాంట్లో పూజ చేయించుకున్న సీసా నీళ్లు, రెండోదాంట్లో సీలు తీయని కొత్త సీసా నీళ్లు. మిగిలిన మందులన్నీ రెండిట్లోనూ అవే. పాత నీళ్లు వెలిగి కొత్త నీళ్లు చీకటిగా ఉంటే దొంగ నీళ్ల సీసాయే. రెండూ వెలిగితే మందులు కూడా పాడయ్యాయన్నమాట. రెండూ చీకటైతే అంతకన్నా ఘోరం, ఆవు బంగారి డీఎన్ఏలోనే ఉందన్నమాట. హరిణి ఇదంతా కరపత్రం వెనక గీసి నర్సింహులుకి చూపించింది. అతను ముందు కరపత్రాన్ని తిరగేసి జావా క్లాసు టైమింగులు చూసి, మళ్లీ ఇటు తిప్పి బొమ్మ చూశాడు.

"అంటే పాత నీళ్లు ఎలగాలె. కొత్తయి ఎలగొద్దు."

"అంతే!"

"గట్లయితేనే మా బంగారి మంచిది."

"అంతే నర్సింహులు గారూ!"

మెషీను మూడు గంటలు తీసుకుంది. ఆ మూడు గంటల్లో హరిణి ఎన్నిసార్లు దాని దగ్గరికి వెళ్లిందో లెక్క లేదు. నర్సింహులు మెట్ల మీద కూర్చుని, వైరు బుట్టలోంచి సర్వపిండి తీసి, తను తినక, వచ్చే పోయే వాళ్లందరికీ పెట్టాడు. హరిణి రెండు ముక్కలు నిలబడే తిని, చేతులు మూడుసార్లు కడుక్కుంది. ఇప్పుడు ఆమెకి లోకంలో ప్రతి చుక్కా అనుమానమే.

ఒంటిగంట దాటాక చీకటి గదిలోకి నలుగురూ దూరారు. ఊదా రంగు దీపం మీద, రెండు ట్యూబుల చుక్కల్నీ చెరో దారిలో పాకించిన జెల్లు పలక పెట్టి రాఘవేందర్ స్విచ్చి వేశాడు. ఎడమ పక్క, పాత నీళ్ల దారిలో, నారింజ రంగు గీత భగ్గుమంది. కుడి పక్క, కొత్త నీళ్ల దారిలో, ఏమీ లేదు. నల్లగా, నిండుగా, కమ్మగా ఏమీ లేదు.

"ఎలిగింది! ఎలిగింది! కొత్తది ఎలగలే!" అని ముందు అరిచింది నర్సింహులే.

రాఘవేందర్ ఆ ఇరుకు గదిలోనే రెండు తీన్మార్ స్టెప్పులు వేశాడు. "మస్తు పట్టుకున్నం దొంగను! గీ నీళ్లే మేడం, గీ నీళ్లే!" తన తప్పు అంత వెలుగుతూ కనపడినందుకు హరిణి జన్మలో ఎప్పుడూ అంత సంతోషపడలేదు.

గురువారం పొద్దున అసలు పని. కొత్త నీళ్లు, కొత్త గ్లౌజులు, రెండుసార్లు తుడిచిన బల్ల. ఫ్రీజర్లోంచి బంగారి ట్యూబు తీసింది. అడుగున చుక్క ఉందా లేదా అన్నట్టు ఉంది. చుక్కని కొలిచి లాగే పిపెట్ అందుకుని, మళ్లీ బల్ల మీద పెట్టి, గ్లౌజులు ఇంకోసారి సవరించుకుంది.

"నేను వెయ్యాల్నా మేడం?" అన్నాడు రాఘవేందర్ మెల్లగా.

"వద్దన్నా. తప్పు చేసింది ఈ చెయ్యే. దిద్దేది కూడా ఇదే." గాలి బిగపట్టి, చుక్క లాగి, కొత్త ట్యూబులో వదిలింది. ఆ పక్కనే ఖాళీ ట్యూబు పెట్టింది. పెట్టి, దాని మూత మీద మార్కరుతో పెద్ద సున్నా చుట్టింది.

మధ్యాహ్నానికి ఖాళీ ట్యూబు చీకటి. బంగారి ట్యూబు వెలుగు. శుభ్రం చేసి సీక్వెన్సర్లో పెట్టారు. నాలుగున్నరకి హరిణి ఫైలు తెరిచింది. ఈసారి కళ్లు మూసుకునే తెరిచింది.

"మేడం, కండ్లు తెర్వండ్రి. ఒక్కటే. ఒక్కొక్కటే."

ఒక్కొక్కటే శిఖరం. ఎర్రది, పచ్చది, నీలం, నలుపు, తేటగా, ఒకదాని వెనక ఒకటి, పద్ధతిగా. హరిణి వేళ్లు కీబోర్డు మీద పరుగెత్తాయి. ఖజానాలో ఇంతకు ముందు ఎవరెవరో పెట్టిన సంగై ముక్కలతో పోల్చింది. ఒక్క అక్షరం తేడా లేదు. బర్మా జింకతో పోల్చింది. ముప్పైకి పైగా చోట్ల తేడా. ఆఖరుగా ఈ ముక్క కొసని మొదటి ముక్క మొదలుతో కలిపి చూసింది. నూట ఇరవై అక్షరాలు ఒకదాని మీద ఒకటి తు.చ. తప్పకుండా కూర్చున్నాయి. గాజు మూసుకుంది.

"సంగై!" అని ఆమె పెట్టిన కేకకి కింద చీరల షాపులో వాళ్లు ఏమనుకున్నారో గానీ, మెట్ల మీద కూర్చున్న నర్సింహులు లేచి ఒక్క ఉదుటున లోపలికొచ్చాడు. "సంగై, నర్సింహులు గారూ! మణిపూర్ సంగై! అమ్మ, అమ్మమ్మ, ముత్తమ్మమ్మ, అందరూ సంగైలే!"

అతను గోడకి ఆనుకుని, భుజం మీది తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు.

ఆ సాయంత్రం రిపోర్టు రాస్తూ హరిణి ఒక చోట ఆగింది. "మేడం, ఆవు సంగతి కూడా రాయాలా? కమిటీలో నవ్వుతారు."

"నవ్వనీ. నువ్వు ఆవుని దాచేస్తే రేపు జింకని ఎందుకు నమ్మాలి?" అని, కమలకుమారి గారు కళ్లద్దాల పైనుంచి చూశారు. "నా పేరు కూడా రాయి. పూజ పెట్టించింది నేనే కదా."

హరిణి రాసింది. పూజ, పంచగవ్యం, సీసా, మూత, మానేసిన ఖాళీ ట్యూబు, ఏదీ వదలకుండా. శుక్రవారం మాసబ్ ట్యాంక్‌లో ఆ పేరా దగ్గరికి వచ్చేసరికి పెద్దాయన ఒకరు దాన్ని పైకి చదివారు. గది గదంతా గొల్లుమంది. హరిణి తల దించుకుంది. నవ్వు సద్దుమణిగాక ఆయన రిపోర్టు మూసి, "ఇంత వివరంగా తప్పు ఒప్పుకున్న రిపోర్టు నా దగ్గరికి ఎప్పుడూ రాలేదు. ఇందులో మిగతాదంతా నేను నమ్ముతున్నాను" అన్నారు. ఇంకో పావుగంటలో మగ సంగై మేడిగుట్టకి రాసిచ్చేశారు.

బయట ఇరానీ హోటల్లో చాయ్ తాగుతున్నారు. హరిణి ఇంకా గాల్లోనే ఉంది, చేతులు తిప్పుతూ ఒకటే మాటలు. నర్సింహులు సాసర్లో చాయ్ పోసుకుని చాలాసేపు ఊదాడు.

"ఒక్కటి అడుగుత బిడ్డా. నువ్వు చదివిన దాంట్ల దాని తల్లి సంగతి మొత్తం ఉంటదా?"

"ఉంటుంది. తల్లి, ఆ తల్లికి తల్లి, వేల ఏళ్ల దాకా."

"మరి పెంచినోళ్లది?"

హరిణి చేతులు ఆగిపోయాయి.

"అది... అది అందులోకి ఎక్కదు, నర్సింహులు గారూ."

"ఎక్కదా." అతను తల ఊపాడు. "మంచిదేలే. నా పాలు ఏం చెడగొట్టలేదన్నట్టు." నవ్వి, చాయ్ తాగేశాడు. ఆ నవ్వు బాగానే ఉంది. కానీ రెండు రోజుల కిందట తన పాలు బంగారి రక్తంలో కలిశాయేమోనని వణికిపోయిన మనిషే, ఇప్పుడు ఒక్క చుక్క కూడా కలవలేదని తెలిసి ఖాళీ సాసరు వంక చూస్తూ కూర్చున్నాడు. హరిణి తన కప్పులోని చాయ్ సగం ఆ సాసర్లో పోసింది.

అతన్ని బస్సెక్కించి ఆమె పంజాగుట్ట వచ్చింది. ల్యాబులో అంతా ఇళ్లకి వెళ్లే హడావుడిలో ఉన్నారు. ఎర్ర స్కెచ్ పెన్ను తీసి పదకొండున్నరకీ పన్నెండుకీ మధ్య ఉన్న తెల్లటి చోటు నింపింది. వలయం పూర్తయింది. తర్వాత నల్ల పెన్ను తీసుకుని, ఇన్నాళ్లూ ఖాళీగా ఉంచిన మధ్య భాగంలో పెద్ద అక్షరాలతో రాసింది.

బంగారి. తల్లి: సంగై. పెంచినది: నర్సింహులు, ఆవు పాలతో.